ఆఫీసు పనికి కూడా మాస్టర్సా అని అడిగినవాళ్లకి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ విద్యా పేజీ ఆన్‌లైన్‌లో రెగ్యులర్‌గా చూస్తుంటాను. ఈమధ్య ఒక పాఠకుడు గారు రాసిన ఉత్తరం చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. మన పిల్లలు అమెరికా వచ్చి ఏవేవో పేర్లున్న మాస్టర్స్ కోర్సుల్లో చేరి డబ్బు తగలేసుకుంటున్నారని ఆయన బాధ, దానికి ఉదాహరణగా హయ్యర్ ఎడ్యుకేషన్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీని పట్టుకున్నారు, కాలేజీ ఆఫీసులో ఫైళ్లు తిప్పడానికి కూడా ఒక పీజీ కావాలా అని అడిగారు. నేను ఆ డిగ్రీ చేసి ఇక్కడ ఒక యూనివర్సిటీలో స్టూడెంట్ అడ్వైజింగ్ ఆఫీసులో పనిచేస్తున్నదాన్ని. ఆయన చెప్పినదాంట్లో సగం నిజముంది, ఆ సగం దగ్గరికి కూడా వస్తాను. ముందు ఆ ఫైళ్లు తిప్పడం సంగతి తేల్చుకోవాలి.

సెమిస్టర్‌లో కోర్సు డ్రాప్ చేసుకోడానికి చివరి రోజు అనుకోండి. సాయంత్రం ఆఫీసు మూసే టైముకి బ్యాచిలర్స్ రెండో ఏడాది కుర్రాడొకడు వచ్చి కెమిస్ట్రీ పోయేలా ఉంది, తీసేయండి అంటాడు. కంప్యూటర్లో అది ఒక్క క్లిక్ పని. కానీ ఆ క్లిక్ కొట్టే ముందు వాడు ఎఫ్-1 వీసా మీద ఉన్నాడా చూడాలి, ఉంటే ఈ కోర్సు తీసేశాక 12 క్రెడిట్లు మిగులుతాయా చూడాలి, మిగలకపోతే ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి, డీఎస్ఓ, ముందుగానే ఒప్పుకుని సెవిస్ అనే ప్రభుత్వ వీసా రికార్డుల్లో ఎక్కించాలి, డ్రాప్ అయిపోయాక వెళ్లి బతిమాలితే కుదరదు, కుర్రాడు స్టేటస్ పోగొట్టుకుంటాడు. ఇక్కడి పిల్లాడైతే ఇంకో లెక్క, చదువుకి ప్రభుత్వమిచ్చే ఫెడరల్ ఎయిడ్ తీసుకుంటున్నవాళ్లు ఎన్ని క్రెడిట్లు మొదలెట్టారు, ఎన్ని పూర్తి చేశారు అనే నిష్పత్తి ఒకటి ఉంటుంది, కోర్సు మధ్యలో వదిలేసి డబ్ల్యూ, అంటే విత్‌డ్రా గుర్తు, పడితే అది మొదలెట్టినదాంట్లోకి వస్తుంది, పూర్తి చేసినదాంట్లోకి రాదు, ఆ నిష్పత్తి మరీ తగ్గితే ఎయిడ్ ఆగిపోవచ్చు. యూనివర్సిటీ టీమ్‌లో ఆడేవాడైతే ఫుల్‌టైమ్ క్రెడిట్లు తగ్గితే గ్రౌండ్‌లోకి దిగనివ్వరు. పైగా ఆ కెమిస్ట్రీ వచ్చే సెమిస్టర్ కోర్సులకి ముందు పాసవ్వాల్సిన ప్రీరిక్విజిట్ అయ్యుండి, అది ఏడాదికి ఒక్కసారే పెడితే, ఇవాళ తీసేసిన కోర్సు రెండేళ్ల తర్వాత పట్టాని వెనక్కి లాగుతుంది. ఇవన్నీ చూస్తుండగా కుర్రాడు మెల్లిగా అంటాడు, అక్కా అసలు కొన్నాళ్లుగా నిద్ర పట్టట్లేదు, క్లాసుకి వెళ్లబుద్ధి కావట్లేదు అని. అప్పుడు కెమిస్ట్రీ పక్కకి పోతుంది. వాడితో ఎలా మాట్లాడాలి, ఏం అడగాలి, ఏం అడక్కూడదు, కౌన్సెలింగ్ సెంటర్‌కి ఫోన్ నంబర్ ఇచ్చి పంపించేయాలా లేక వెంట నడిచి వెళ్లాలా, ఇది తెలిసి ఉండాలి.

మర్నాడు వాళ్ల నాన్నగారు ఫోన్ చేస్తారు. మావాడి మార్కులు ఎలా ఉన్నాయమ్మా, ఫీజు కట్టేది నేనే కదా అంటారు. నిజమే, కట్టేది ఆయనే. కానీ 1974లో వచ్చిన ఫెర్పా అనే చట్టం ప్రకారం కాలేజీలో చేరాక ఆ రికార్డు మీద హక్కు విద్యార్థిదే, తండ్రిది కాదు. పన్ను లెక్కల్లో పిల్లాడు తండ్రి మీద ఆధారపడినవాడిగా ఉంటే కాలేజీ చెప్పొచ్చు, చెప్పి తీరాలని మాత్రం లేదు. పిల్లాడే ఒప్పుకుని సంతకం పెట్టి ఇస్తే చెప్పొచ్చు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే అనుమతి లేకుండానే చెప్పే వీలుంది. ఈ మూడింట్లో ఇప్పుడు మనం ఎక్కడున్నాం అన్నది ఫోన్ పట్టుకునే తేల్చుకోవాలి, ఆయన్ని అవమానించకుండా కూడా చెప్పాలి. అవతల మన తెలుగాయన అయితే ఇంకా కష్టం, "అమ్మా నువ్వు మన పిల్లవే కదా" అంటే మనసు కరిగిపోతుంది, అయినా నోరు జారకూడదు.

దీన్ని ఫైళ్లు తిప్పడం అంటే నాకు కడుపు మండదా మరి?

ఇంకో సంగతి, ఇదేదో నిన్న మొన్న ఫీజుల కోసం పుట్టించిన కోర్సు అని ఆయన అనుకుంటున్నట్టున్నారు. క్లార్క్ యూనివర్సిటీలో జి. స్టాన్లీ హాల్ గారు ఉన్నత విద్య మీదే ఒక కోర్సు చెప్పింది 1893లో. ఆడపిల్లలు ఎక్కువగా కాలేజీలకి రావడం మొదలయ్యాక వాళ్ల బాగోగులు చూసుకోడానికి డీన్ ఆఫ్ విమెన్ అనే పోస్టులొచ్చాయి, వాళ్లకి ప్రత్యేకంగా చదువు చెప్పే పని కొలంబియాలోని టీచర్స్ కాలేజీ 1910ల్లోనే మొదలెట్టింది. రిజిస్ట్రార్ల సంఘం 1910లో పుట్టింది, స్టూడెంట్ అఫైర్స్ వాళ్ల సంఘాలు రెండున్నాయి, నాస్పా 1919 నాటిది, ఏసీపీఏ 1924 నాటిది. 1937లో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఒక రిపోర్టు తెచ్చింది, విద్యార్థి అంటే తరగతి గదిలో కూర్చునే బుర్ర ఒక్కటే కాదు, వాడి ఆరోగ్యం, డబ్బు, స్నేహాలు, మనసు అన్నీ కాలేజీ బాధ్యతలోకి వస్తాయని దాని సారం. ఆ రిపోర్టుని ఇప్పటికీ మొదటి సెమిస్టర్‌లోనే చదివిస్తారు.

ఆ తర్వాత ఈ పని పెరిగిందంటే మాత్రం దానికి కారణం జనం, చట్టాలు. 1944లో మాజీ సైనికుల చదువుకి ప్రభుత్వం డబ్బిచ్చే జీఐ బిల్ వచ్చి యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు లక్షల్లో కాలేజీల్లో చేరారు, అంతమందిని ప్రొఫెసర్లు తీరిక వేళల్లో చూసుకునే రోజులు అక్కడితో పోయాయి. 1972లో చదువుల్లో ఆడ, మగ వివక్ష కూడదనే టైటిల్ నైన్, 1973లో దివ్యాంగుల కోసం సెక్షన్ 504, 1974లో ఫెర్పా. 1986లో లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయిని హాస్టల్ గదిలోనే చంపేశారు, వాళ్ల అమ్మానాన్న ఊరుకోకుండా పోరాడితే 1990లో చట్టమొచ్చింది, 1998లో దానికి ఆమె పేరే పెట్టారు, దాని వల్ల ఫెడరల్ ఎయిడ్ తీసుకునే ప్రతి కాలేజీ తన క్యాంపస్‌లో జరిగిన నేరాల లెక్క ఏటా అక్టోబర్ 1 లోగా బయటపెట్టాలి. ఆ లెక్క ఎవరో ఒకరు తియ్యాలి కదా. క్యాంపస్ పక్క వీధిలో జరిగితే లెక్కలోకి వస్తుందా రాదా, అమ్మాయి పోలీసులకి చెప్పకుండా వార్డెన్‌కి మాత్రమే చెప్తే వస్తుందా రాదా, ఇలాంటివి తెలియకుండా ఆ కుర్చీలో కూర్చుంటే యూనివర్సిటీకి జరిమానా, విద్యార్థులకి ప్రమాదం.

సరే, క్లాసులో ఏం చెప్తారు? నా లెక్కలో లా క్లాసు ఒక్కటే మొత్తం డిగ్రీ ఖర్చుకి సమాధానం చెప్తుంది. స్టూడెంట్ డెవలప్‌మెంట్ థియరీ అని ఇంకోటి ఉంటుంది, అందులో సగం నాకు బోరే కొట్టింది, మనిషి ఇన్ని దశల్లో ఎదుగుతాడు అని గీతలు గీసి చూపిస్తుంటే మా ఇంట్లో పిల్లలెవరూ ఇలా వరసగా ఎదగలేదే అనిపించేది. కానీ విన్సెంట్ టింటో గారు 1975లో చెప్పింది మాత్రం రోజూ కళ్ల ముందు కనిపిస్తూనే ఉంటుంది. చదువు మధ్యలో మానేసేవాళ్లందరూ మార్కులు రాక మానేస్తారని మనం అనుకుంటాం, చాలామంది ఆ చోటులో కలవలేక మానేస్తారు, పేరు పెట్టి పిలిచే ఒక్క లెక్చరర్ గానీ కలిసి తినే ఒక్క ఫ్రెండ్ గానీ లేక మానేస్తారు అన్నది ఆయన వాదన సారం. తర్వాతివాళ్లు ఆయన్నీ తప్పుపట్టారు, పిల్లాడే మారి కలిసిపోవాలా, కాలేజీ మారక్కర్లేదా అని, అదీ న్యాయమే. ఈ గొడవ చదివి ఉంటే మొదటి సెమిస్టర్‌లో మూడో వారానికే క్లాసులు ఎగ్గొడుతున్న పిల్లాడి లిస్టు చూసినప్పుడు సోమరి అని కొట్టిపారెయ్యకుండా ఫోన్ చేస్తాం.

ఆర్గనైజేషన్ థియరీలో కార్ల్ వైక్ గారు 1976లో రాసిన లూజ్ కప్లింగ్ అనే ఆలోచన ఉంటుంది. విద్యాసంస్థలో ఒక మూల జరిగేది ఇంకో మూలకి గట్టిగా తగలదు, వైస్ చాన్స్‌లర్ ఆర్డర్ వేసినా డిపార్ట్‌మెంట్‌లో ఏమీ కదలదు, అది ఎవరి దుర్మార్గమూ కాదు, ఆ సంస్థల నిర్మాణమే అలాంటిది. ఇది అర్థమయ్యాక నాకు సగం బీపీ తగ్గింది. బయట కంపెనీల నుంచి వచ్చి యూనివర్సిటీని ఫ్యాక్టరీలా నడిపేస్తాం అని దిగినవాళ్లు ఎందుకు బోల్తా పడతారో కూడా అక్కడే తెలుస్తుంది. బడ్జెట్, ఫైనాన్స్ మాత్రం ఈ కోర్సుల్లో చాలా పైపైన చెప్తారు, ఇది నా ఫిర్యాదు, ఎక్సెల్‌లో నాలుగు కాలమ్స్ చూపించి వదిలేస్తే రేపు డిపార్ట్‌మెంట్ గ్రాంట్ ఖర్చు కాక మురిగిపోతున్నప్పుడు ఏం చెయ్యాలో ఎవరికి తెలుస్తుంది. డేటా కూడా అంతే, ఇన్‌స్టిట్యూషనల్ రీసెర్చ్ అనే ఆఫీసు చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది, ఎంతమంది చేరారు, ఎంతమంది మిగిలారు, ఎంతమంది పట్టా తీసుకున్నారు అని ఐపెడ్స్ అనే ప్రభుత్వ విద్యా గణాంకాల వ్యవస్థకి లెక్కలు పంపేది వాళ్లే. మన తెలుగు పిల్లలకి స్టాటిస్టిక్స్ మీద పట్టు బాగానే ఉంటుంది కాబట్టి ఆ వైపు చూడమని నేను అందరికీ చెప్తుంటా, వినేవాళ్లు తక్కువ.

ఇప్పుడు అసలు విషయం. ఈ డిగ్రీ విలువ క్లాసులో లేదు, క్లాసు పక్కనే ఉండే కుర్చీలో ఉంది. మంచి ప్రోగ్రాముల్లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ ఉంటుంది, రెండేళ్లూ వారానికి 20 గంటలు యూనివర్సిటీలోనే ఏదో ఒక ఆఫీసులో పని, దానికి ట్యూషన్ మొత్తమో కొంతో మాఫీ, పైగా నెలనెలా స్టైపెండ్. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకి క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో పనిచెయ్యడానికి ఉన్న పరిమితీ 20 గంటలే, సరిగ్గా సరిపోతుంది. అది కాక ప్రాక్టికమ్ అని ఇంకో ఆఫీసులో ఒక సెమిస్టర్. అడ్మిషన్స్, హాస్టళ్లు, రిజిస్ట్రార్, డిసేబిలిటీ సర్వీసెస్, కెరీర్ సెంటర్, ఇంటర్నేషనల్ ఆఫీసు, ఎక్కడ పడితే అక్కడే మన చదువు. హాస్టల్ వైపు పడితే ఉండటానికి గది కూడా ఇస్తారు, కాకపోతే రాత్రి డ్యూటీ ఫోన్ చేతికొస్తుంది, అర్ధరాత్రి ఫైర్ అలారం మోగితే వందల మంది పిల్లల్ని చలిలో బయట నిలబెట్టి లెక్కపెట్టేది మీరే. పగలు క్లాసులో క్రైసిస్ మేనేజ్‌మెంట్ పాఠం విన్నవాళ్లు ఆ రాత్రి ఆ పాఠంలో ఏది పనికొచ్చిందో ఏది రాలేదో తెలుసుకుని మళ్లీ పొద్దున్నే క్లాసుకొచ్చి ప్రొఫెసర్‌తో వాదిస్తారు చూడండి, అదీ చదువంటే.

ఈ కుర్చీ లేకుండా పూర్తిగా ఆన్‌లైన్‌లో ఏడాదిలో డిగ్రీ చేతిలో పెట్టేస్తాం అనే ప్రోగ్రాములు కూడా బోలెడున్నాయి. ఇప్పటికే ఏదో యూనివర్సిటీలో ఉద్యోగం చేస్తూ ప్రమోషన్ కోసం చేసేవాళ్లకి అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి, కుర్చీ వాళ్లకి ముందే ఉంది కాబట్టి. అనుభవం ఏమీ లేని కొత్తవాళ్లు మాత్రం వాటి జోలికి పోవద్దు. ఆ పాఠకుడు గారు చెప్పిన సగం నిజం ఇక్కడే ఉంది, అసిస్టెంట్‌షిప్ లేకుండా, సొంత ఖర్చుతో, అనుభవం లేకుండా ఈ డిగ్రీ చేసి బయటికొస్తే నిజంగానే డబ్బు దండగ. నేను ఒప్పుకుంటాను.

ఇంకా చేదు నిజాలు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ కన్సల్టెన్సీ వాళ్లలాగే అవుతాను. ఈ డిగ్రీ సైన్సు, టెక్నాలజీ లాంటి కోర్సులుండే స్టెమ్ లిస్టులో లేదు. అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే, కంప్యూటర్ సైన్స్ పిల్లలకి వచ్చే అదనపు 24 నెలలు రావు. ఆ ఏడాదిలోపే ఉద్యోగం, స్పాన్సర్ దొరకాలి. దీనికి ఎదురుగా ఒక మంచి విషయం ఉంది, యూనివర్సిటీలు హెచ్-1బి వర్క్ వీసా లాటరీ పరిధిలోకి రావు, క్యాప్ నుంచి మినహాయింపు ఉంది, ఏడాదిలో ఎప్పుడైనా అప్లై చెయ్యొచ్చు. కానీ మినహాయింపు ఉన్నంత మాత్రాన ప్రతి యూనివర్సిటీ స్పాన్సర్ చేస్తుందని కాదు, ప్రొఫెసర్లకి చేస్తాం, ఆఫీసు స్టాఫ్‌కి చెయ్యం అని పాలసీ పెట్టుకున్నవి చాలా ఉన్నాయి, ఇంటర్వ్యూ దాకా వెళ్లాక ఆ మాట చెప్తారు. జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకుని ఏడ్చేవాళ్లు రావద్దు, మొదటి ఉద్యోగంలో సగం కూడా ఉండదు చాలాచోట్ల. రాజకీయాల గాలి కూడా తగులుతుంది, టెక్సస్‌లో ఎస్బీ 17 అనే చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి ప్రభుత్వ యూనివర్సిటీల్లో డైవర్సిటీ ఆఫీసులు మూయించేసింది, అలాంటి పోస్టులు ఈ డిగ్రీ చేసినవాళ్లు వెళ్లే చోట్లే.

డాక్టరేట్ గురించి కూడా పిల్లలు అడుగుతుంటారు. రెండు రకాలున్నాయి, పీహెచ్‌డీ పరిశోధన, ప్రొఫెసర్ వైపు వెళ్లేవాళ్లకి, ఈడీడీ ఆఫీసుల్లో పైకి వెళ్లాలనుకునేవాళ్లకి. పెద్ద పోస్టులకి, అంటే వైస్ ప్రెసిడెంట్ ఫర్ స్టూడెంట్ అఫైర్స్ లాంటివాటికి, డాక్టరేట్ అడగడం మామూలే. కానీ మాస్టర్స్ అవ్వగానే నేరుగా డాక్టరేట్‌లో దూరితే బయటికొచ్చేసరికి చదువు ఎక్కువ, అనుభవం తక్కువ, కింది పోస్టుకి ఎక్కువైపోతారు, పై పోస్టుకి చాలరు. ముందు ఉద్యోగంలో చేరితే చాలా యూనివర్సిటీలు స్టాఫ్‌కి ట్యూషన్ రాయితీ ఇస్తాయి, పని చేస్తూనే ఈడీడీ చేసుకోవచ్చు, మా ఆఫీసుల్లో ఎక్కువమంది చేసేది అదే.

అమెరికానే అక్కర్లేదు కూడా. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో ఎల్‌హెచ్ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ 2007లో ఇదే పని కోసం పెట్టారు. లండన్ యూసీఎల్‌లో హయ్యర్ ఎడ్యుకేషన్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ నడిపారు. యూరప్‌లో మారిహే అని, యూరోపియన్ యూనియన్ సాయంతో కొన్ని దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ ఉంది, ఆస్ట్రియాలో క్రెమ్స్, ఫిన్లాండ్‌లో టాంపెరే లాంటి చోట్ల తిరుగుతూ చదవడం, స్కాలర్‌షిప్పులున్నాయి. పోటీ గట్టిగా ఉంటుంది, అయినా అప్లై చేస్తే పోయేదేముంది.

మన దేశం సంగతి ఎత్తకుండా ఈ ఉత్తరం ముగిస్తే నాకే తృప్తి ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే ఏఐఎస్‌హెచ్ఈ 2021-22 లెక్కల్లో మనకి 1,168 యూనివర్సిటీలు, 4.33 కోట్ల మంది విద్యార్థులు. ఇంతమందిని నడిపించే ఆఫీసుల్లో చేరడానికి యూజీసీ చెప్పిన అర్హత ఏంటంటే, అసిస్టెంట్ రిజిస్ట్రార్‌కి 55 శాతం మార్కులతో ఏదో ఒక పీజీ. సబ్జెక్టు ఏదైనా పర్లేదు. రిజిస్ట్రార్‌కి అదే పీజీ, దానిమీద 15 ఏళ్ల టీచింగ్ అనుభవమో పరిపాలన అనుభవమో. జువాలజీ ప్రొఫెసర్ గారు పొద్దున్నే రిజిస్ట్రార్ అయిపోతారు, అయిన రోజు నుంచి సర్వీస్ రూల్సు, కోర్టు కేసులు, ఆడిట్ అభ్యంతరాలు, టెండర్లు, అన్నీ సూపరింటెండెంట్ గారు పెట్టిన నోట్ ఫైల్ మీదే ఆధారపడి నేర్చుకుంటారు, కాస్త చేతికి అలవాటయ్యేసరికి టెర్మ్ అయిపోతుంది, డిపార్ట్‌మెంట్‌కి వెళ్లిపోతారు, ఇంకో సబ్జెక్టు నుంచి ఇంకొకాయన వస్తారు. వాళ్లని తప్పుపట్టట్లేదు, మంచి మనుషులు చాలామంది ఉన్నారు, నిద్ర మానుకుని పనిచేసేవాళ్లున్నారు. నేర్పినవాళ్లెవరూ లేరు, అంతే.

పని తేలికవుతోందా అంటే అదీ లేదు. 2009లో యాంటీ ర్యాగింగ్ రెగ్యులేషన్స్ వచ్చాయి. జవాబుపత్రం చూసుకోవడం విద్యార్థి హక్కు అని, అది ఆర్టీఐ కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది, ఆ తీర్పు వచ్చాక ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో దరఖాస్తుకి 30 రోజుల్లో ఏం ఇవ్వాలి, దిద్దినవాళ్ల పేరు ఎలా దాచాలి అన్నది రోజువారీ పని. 2021 నుంచి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని వచ్చింది, ఒక యూనివర్సిటీలో సంపాదించిన క్రెడిట్లు ఇంకో యూనివర్సిటీలో వాడుకోవచ్చు అన్నారు, బాగుంది, కానీ అక్కడి నాలుగు క్రెడిట్ల ఎకనామిక్స్ ఇక్కడి ఏ పేపర్‌తో సమానం అని కూర్చుని తేల్చే మనిషెవరు? 2023లో విద్యార్థుల ఫిర్యాదులు విని తేల్చే ఆంబుడ్స్‌పర్సన్ ఉండాలన్నారు. రూల్ మీద రూల్ వస్తోంది, దాన్ని అమలు చేసే మనిషికి చదువు మాత్రం రావట్లేదు.

ఢిల్లీలో నీపా ఉంది, 1962లో యునెస్కో సాయంతో మొదలైన సంస్థ, 2006లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది, విద్యా ప్రణాళిక, పరిపాలన మీద మంచి పరిశోధన చేస్తారు, ఆఫీసర్లకి ట్రైనింగులు ఇస్తారు. అలాంటిది ఒక్కటి ఇంత దేశానికి ఎలా సరిపోతుంది. అయితే రాష్ట్రానికో పీజీ కోర్సు పెట్టేయండి అని నేను అనట్లేదు, అలా పెట్టినవి రెండు బ్యాచ్‌లకే మూతపడతాయి. చేరే పిల్లలకి ముందు ఒకటి కనబడాలి, ఈ డిగ్రీ చేస్తే అసిస్టెంట్ రిజిస్ట్రార్ పోస్టుకి ఇంత వెయిటేజీ అని రిక్రూట్‌మెంట్ రూల్స్‌లో రాసి ఉండాలి. అది లేకుండా కోర్సు పెడితే చేరేదెవరు, చేరినా వాళ్లకి ఉద్యోగం ఇచ్చేదెవరు? రూల్ మారాలి ముందు, కోర్సు దాని వెనక తనే వస్తుంది. వచ్చినప్పుడు కూడా సిలబస్ అంతా థియరీతో నింపకుండా ఒక సెమిస్టర్ ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో, ఒకటి హాస్టల్ ఆఫీసులో, ఒకటి అకౌంట్స్‌లో కూర్చోబెట్టాలి, రీవాల్యుయేషన్ సీజన్‌లో ఆ కౌంటర్ దగ్గర ఒక వారం నిలబడితే చాలు, సగం సిలబస్ అక్కడే అయిపోతుంది. ఇప్పటికే ఆ సెక్షన్లలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న జూనియర్ అసిస్టెంట్లకి, సీనియర్ అసిస్టెంట్లకి కూడా ఇందులో సీట్లు ఉంచాలి, వాళ్లకి తెలిసినంత బయటివాళ్లెవరికీ తెలియదు, కాగితం మీద డిగ్రీ లేక ఆగిపోయారు.

మీ విద్యా పేజీకి నా విన్నపం ఒకటుంది. విదేశీ కోర్సుల జాబితా వేసినప్పుడు దీన్ని కూడా చేర్చండి, చేర్చినప్పుడు ర్యాంకులు వెయ్యకండి, ఈ రంగంలో ర్యాంకు దేనికీ కొరగాదు. దానికి బదులు పిల్లలు ప్రోగ్రామ్ వాళ్లకి మెయిల్ పెట్టి ఏం అడగాలో రాయండి. పోయినేడు చేరినవాళ్లలో ఎంతమందికి అసిస్టెంట్‌షిప్ వచ్చింది, అది రెండో ఏడాది కూడా ఉంటుందా, అందులో ఇంటర్నేషనల్ విద్యార్థులు ఎంతమంది, ట్యూషన్ మాఫీలో ఫీజులు కూడా కలుస్తాయా లేక ట్యూషన్ ఒక్కటేనా, చదివి వెళ్లిన ఇంటర్నేషనల్ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, వాళ్లలో ఒకరితో మాట్లాడొచ్చా. వీటికి సూటిగా జవాబు ఇవ్వని ప్రోగ్రామ్‌ని అక్కడికక్కడే లిస్టులోంచి కొట్టెయ్యొచ్చు. డెడ్‌లైన్లు కూడా చెప్పండి, అసిస్టెంట్‌షిప్ కావాలంటే చాలాచోట్ల డిసెంబర్, జనవరిలోనే అప్లికేషన్ పడాలి, ఫిబ్రవరి ప్రాంతంలో ఇంటర్వ్యూలు పెడతారు, మన పిల్లలు మార్చి, ఏప్రిల్‌లో నిదానంగా అప్లై చేసేసరికి సీటు ఉంటుంది గానీ అసిస్టెంట్‌షిప్ ఉండదు.

ఇట్లు,
మీ పాఠకురాలు